తొలి చదువు పుస్తకం: ఒక సూత్రం, దాని వ్యాఖ్యానం

అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లల కోసం పుస్తకం రాయడం తేలికని చాలామంది అనుకుంటారు. నాలుగు మాటలు, నాలుగు బొమ్మలు చాలుననిపిస్తుంది. నిజానికి పెద్దల కోసం రాసేటప్పుడు లేని కట్టుబాట్లన్నీ ఇక్కడ ఉంటాయి. వాటిని ఒక్క వాక్యంలో ఇమిడ్చి, మాట మాటకీ వివరణ ఇస్తే రాసేవాళ్ళకు పనికొస్తుందని ఈ ప్రయత్నం. సూత్రం ఇది:

నేర్చిన అక్షరాలతో, నోటి మాటలనే, ఒక్కొక్క కొత్త గుర్తుతో, చెవికి ఇంపుగా, కథగా చెప్పేది తొలి చదువు పుస్తకం.

నేర్చిన

వల్లించడం వేరు, నేర్వడం వేరు. అ నుంచి అః దాకా ఒక్క గుక్కలో చెప్పే పిల్లను వరస తప్పించి ఎ ఎక్కడుందో చూపించమంటే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఆ పిల్లకు పాట వచ్చింది గానీ అక్షరం ఇంకా రాలేదు. ఎక్కడ కనిపించినా, ఏ మాటలో ఉన్నా చూడగానే ధ్వని పలికితేనే ఆ అక్షరం నేర్చినట్టు.

ఈ తేడా మన అక్షరాల పుస్తకాల్లో మొదటి పేజీలోనే మరుగున పడుతుంది. అ పక్కన అమ్మ, ఇ పక్కన ఇల్లు, ఒ పక్కన ఒంటె, అం పక్కన అంగడి ఉంటాయి. అమ్మ చదవాలంటే మ, దాని కింద ఒత్తు రావాలి. ఇల్లు చదవాలంటే ల, కొమ్ము, ఒత్తు మూడూ కావాలి. ఒంటెకు సున్నా, ఎత్వం కావాలి. అంటే అక్కడున్న మాట పిల్లలు చదివేది కాదు, బొమ్మ చూసి చెప్పేది. మొదటి ధ్వనిని గుర్తుపట్టించడానికి అది మంచి సాధనమే. చదివించడానికి మాత్రం పనికిరాదు. ఈ రెండింటినీ ఒకటిగా ఎంచడం వల్లే ఎందరో పిల్లలు బొమ్మను చూసి ఊహించడమే చదవడమని అనుకుంటారు. బొమ్మల్లేని పేజీ రాగానే ఆగిపోతారు.

కాబట్టి రచయిత ముందుగా తేల్చుకోవాల్సింది, పుస్తకం తెరిచే నాటికి పిల్లలకు ఏ అక్షరాలు వచ్చి ఉంటాయన్నది. ఆ జాబితా కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకోవాలి. దానిలో లేనిది కథలోకి రాకూడదు.

అక్షరాలతో

తెలుగులో అక్షరం పేరూ ధ్వనీ ఒకటే. క అని పిలుస్తాం, క అనే చదువుతాం. ఇంగ్లీషులో అలా కాదు. అక్కడ అక్షరాలు 26, ధ్వనులు సుమారు 44. అక్షరం పేరు ఒకటి, అది పలికేది ఇంకొకటి, కొన్నిచోట్ల అసలు పలకనే పలకదు. అందుకే అక్కడ ధ్వని ఆధారంగా చదువు చెప్పే పద్ధతి మీద దశాబ్దాలుగా వాదం నడిచింది. ఆ పిల్లలు మూడు విడి ధ్వనులను అతికి ఒక మాట చేయాలి. మన పిల్లలకు క, ల రెండూ విడిగానే నోటికి పూర్తిగా పలుకుతాయి, పక్కపక్కన పెడితే కల అయిపోతుంది. ఇంగ్లీషు పుస్తకాల నమూనాను ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే లేని కష్టాన్ని తెచ్చిపెట్టినట్టవుతుంది. మన సౌలభ్యం మనకుంది. మన చిక్కులూ మనకున్నాయి.

మొదటి చిక్కు అక్షరాల సంఖ్య. వర్ణమాల 56 అక్షరాలని చెప్పుకుంటాం. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 వర్ణాలని లెక్క చెప్పాడు. ఆ 36లో ఒత్తక్షరాలైన ఖ, ఘ, ఛ, ఝ వంటివి లేవు. శ, ష లేవు. ఋ లేదు. ఉన్నవాటిలోనూ అరసున్న ఇప్పటి అచ్చులో దాదాపు కనిపించదు. తొలి పుస్తకం రాసేవారికి సూరి లెక్క గొప్ప అండ. ఇంట్లో పిల్లలు ఆడే మాటలు చాలావరకు ఆ అక్షరాల్లోనే ఒదుగుతాయి. మిగతావి వదిలేయమని కాదు, వెనక్కు జరపమని. శ త్వరగానే వస్తుంది. ఙ, ఞ విడిగా మాట మొదట్లో వచ్చే సందర్భమే తెలుగులో లేదు, వాటి కోసం ఒక పేజీ పెట్టి వాఙ్మయం అనే మాటను అయిదేళ్ళ పిల్లల ముందు ఉంచనక్కర్లేదు.

రెండో చిక్కు చ, జ లది. సూరి ఈ రెంటికీ దంత్యాలను వేరే వర్ణాలుగా లెక్కించాడు. చాపలో చ పళ్ళ దగ్గర పలుకుతుంది, చేపలో చ అంగిట్లో పలుకుతుంది. రాత ఒకటే. పెద్దవాళ్ళం గమనించం గానీ ఒక్కో అక్షరాన్నీ ధ్వనితో జతచేసుకుంటున్న పిల్లలకు ఇది తికమక. చలి, చాప, చుక్క ముందు వచ్చి, ఆ ధ్వని కుదురుకున్నాక చిలుక, చేప, చెట్టు వస్తే నోరే సర్దుకుంటుంది. రెంటినీ ఒకే పేజీలో కలిపి పెట్టడం మంచిది కాదు.

మూడోది ఆకారాల పోలిక. ద, ధ, థ మూడింటికీ తేడా చిన్న గీత, చిన్న చుక్క. ప, వ, మ, య దగ్గర దగ్గరగా ఉంటాయి. వ పక్కన మామూలుగా కొమ్ము తగిలిస్తే మ లాగా కనిపిస్తుందనే పు, వులకు కొమ్ము కింది నుంచి వస్తుంది. పోలికలున్న అక్షరాలను ఒకేసారి నేర్పితే రెండూ కలిసిపోతాయి. ఒకటి స్థిరపడ్డాక రెండోది తేవాలి. వర్ణమాల వరస శాస్త్రీయమైనదే, పలికే చోటును బట్టి కూర్చినది. అది నిఘంటువు చూసుకోవడానికి, తర్వాత వ్యాకరణం నేర్వడానికి కావాలి. తొలి చదువుకు అదే వరస పట్టుకుని వెళ్ళాలన్న నియమం లేదు.

నోటి మాటలనే

సూత్రంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మన అక్షరమాల బొమ్మల పటాన్ని ఒకసారి పిల్లల కళ్ళతో చూడండి. ఘ దగ్గర ఘటం, బొమ్మ చూసి పిల్లలు కుండ అంటారు. ఛ దగ్గర ఛత్రం, పిల్లలు గొడుగు అంటారు. ఝ దగ్గర ఝషం, చేప అంటారు. ఖడ్గం కత్తి అవుతుంది, ధనుస్సు విల్లవుతుంది, ఫలం పండవుతుంది. ఔషధం బొమ్మ చూస్తే మందు అనే అంటారు. ప్రతిసారీ పిల్లలు చెప్పింది సరైన తెలుగు, ప్రతిసారీ పెద్దవాళ్ళు కాదని దిద్దుతారు. తమ భాష తప్పు అని తొలి పాఠంలోనే నేర్చుకున్న పిల్లలకు పుస్తకం మీద చనువు ఎలా పుడుతుంది?

ఇంకా సూక్ష్మమైన తప్పు ఊ దగ్గర జరుగుతుంది. బొమ్మ ఊయలది. చాలా ఇళ్ళలో దాన్ని ఉయ్యాల అంటారు. అంటే పిల్లల నోట మొదటి ధ్వని ఉ, పుస్తకం చెప్పేది ఊ. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా నేర్పాల్సిన చోటే ఆ తేడా చెరిగిపోతోంది. ఐదు కూడా అంతే, నోట్లో అది అయిదు. ఊ కోసం ఊడ ఉంది, ఊక ఉంది. పల్లెటూరి పిల్లలకు మర్రి ఊడ తెలుసు, పట్నం పిల్లలకు బొమ్మ వేసి చెప్పొచ్చు.

మరి ఒత్తక్షరాలకు నోటి మాటలు లేవా? ఉన్నాయి. అవి మన ధ్వన్యనుకరణాల్లో పుష్కలంగా ఉన్నాయి. వంటింట్లోంచి వచ్చే ఘుమఘుమ, గంట ఠంగుమనడం, డప్పు ఢమఢమ, ఎండలో ధగధగ, గాజు భళ్ళున పగలడం, తుమ్మెద ఝుమ్మనడం. భయం, భలే, ఖాళీ, ఖర్చు పిల్లలు రోజూ వినే మాటలు. ఫ కోసం ఫలం దాకా వెళ్ళక్కర్లేదు, ఫోను, కాఫీ ప్రతి ఇంట్లో ఉన్నాయి.

ప్రాంతం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒకచోట సొరకాయ, ఇంకొకచోట ఆనపకాయ. స బొమ్మగా సొరకాయ వేస్తే సగం మంది పిల్లలకు అది ఆ అవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకే పేరున్నవి బోలెడు: చీమ, దోమ, ఈగ, కాకి, కోడి, మేక, పులి, గాలి, వాన, పాట. ధ్వని నేర్పే పేజీలకు ఇవి వాడి, ప్రాంతపు మాటలను కథల్లోకి తెచ్చుకోవచ్చు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడినది ఇందుకే. ఆయన సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశాడు. పిల్లల నోట్లో ఉన్న భాషే చదువుకు మొదటి మెట్టని ఆయన చేసి చూపించాడు.

విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లలకు నోటి మాట అన్నదానికి కొలత వేరు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి బడుల్లో చేరే పిల్లలకు ఇంట్లో వినే మాటలే పెట్టుబడి. ఇంగ్లీషుకు అలవాటు పడిన చెవికి ట, త మధ్య తేడా, డ, ద మధ్య తేడా వెంటనే అందదు. వాళ్ళ కోసం రాసే పుస్తకంలో పాట, పాత వంటి జంటలు పదే పదే వినిపించాలి.

ఒక్కొక్క కొత్త గుర్తుతో

హల్లుకు తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము వరసగా తగిలించి గుణింతం పూర్తిగా నేర్పాకే మాటల్లోకి వెళ్ళడం మన పాత పద్ధతి. గుణింతం వల్లించడంలో మేలుంది, అది చెవికి అచ్చుల వరసను పట్టిస్తుంది. కానీ పుస్తకం రాసేవారు గుర్తులను వేరే లెక్కన చూడాలి: ఈ గుర్తు వస్తే పిల్లలు ఏ కొత్త వాక్యం చదవగలరు?

తలకట్టు ఒక్కటే వచ్చినప్పుడు కూడా వాక్యం సాధ్యమే. పడవ, వల, తల, పలక, కడవ, గడప, జడ, పనస వంటి పేర్లున్నాయి. పద అనే పిలుపు ఉంది. ఆ, ఈ అని చూపించే మాటలు అచ్చులే. కమల వల, జలజ పడవ అంటే చాలు, ఎవరిదేదో తెలిసిపోతుంది, విభక్తి అక్కర్లేదు. ఈ పేజీ చూడండి:

కమల వల. జలజ పడవ. ఆ పడవ, ఈ వల. పద జలజ! పద కమల! అల! అల!

ఇందులో ఉన్నవి ఎనిమిది హల్లులు, మూడు అచ్చులు. తలకట్టు తప్ప ఒక్క గుణింతపు గుర్తూ లేదు. అయినా ఇద్దరు మనుషులున్నారు, వాళ్ళ వస్తువులున్నాయి, బయలుదేరడం ఉంది, ఎదురుగా అల వచ్చింది. తర్వాతి పేజీ తిప్పడానికి కారణం ఉంది.

దీర్ఘం వస్తే రా వస్తుంది, పిలుపులు వస్తాయి: వాన! తాతా, రా! పాపా, రా! గుడి వస్తే ఇది, అది వస్తాయి: ఇది గది, అది బడి. కొమ్ము వస్తే చేయమని చెప్పే మాటలన్నీ తెరుచుకుంటాయి: ఆడు, పాడు, ఆగు, ఊగు, తిను, చదువు. జరిగింది చెప్పాలంటే క్రియ ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. వచ్చాడు, వెళ్ళాడు, అన్నాడు మూడింటికీ ఒత్తు కావాలి. ఆడాడు, పాడాడు, దూకాడు, ఊగాడు ఒత్తు లేకుండా నడుస్తాయి. సున్నా నేర్చాక పాడింది, దూకింది, ఎగిరింది, అడిగింది చేరతాయి. ఇలా క్రియలను వడగట్టుకుంటే ఒత్తుల దాకా రాకముందే చక్కటి కథలు రాయొచ్చు.

హ్రస్వ దీర్ఘాల తేడాకు జంటలు వాడాలి. మెడ, మేడ. పుట, పూట. కొన, కోన. నలుగు, నాలుగు. ఒక్క గీతతో అర్థం మారిపోవడం బొమ్మలో కళ్ళకు కడితే పిల్లలు ఆ గీతను ఇక నిర్లక్ష్యం చేయరు.

సున్నాకు ప్రత్యేకంగా చోటివ్వాలి. దాని ఆకారం మారదు, ధ్వని మాత్రం పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది. వంకాయలో అది ఙ, మంచిలో ఞ, గంటలో ణ, పందిలో న, చెంబులో మ. పుస్తకంలో ఎక్కడా విడిగా కనిపించని ఙ, ఞ ధ్వనులు నిజానికి సున్నాలో దాగి రోజూ మన నోట పలుకుతున్నాయి. ఈ నియమం పిల్లలకు చెప్పకూడదు. ఈ అయిదు రకాల మాటలనూ వేరు వేరు పేజీల్లో వినిపిస్తే వాళ్ళ నోరే పట్టుకుంటుంది.

ఒత్తులు చివరన రావాలి, అందులోనూ విడతలుగా. గ, డ, ద వంటివాటి ఒత్తు తలకట్టు తీసేసిన అదే అక్షరం, చూడగానే తెలుస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు, వాటిని కొత్త అక్షరాలుగానే నేర్పాలి. పైగా ఇక్కడ కంటికీ నోటికీ వరస తప్పుతుంది. మల్లె అన్న మాటలో ఎత్వం మొదటి ల మీద కనిపిస్తుంది, పలికేది మాత్రం కింది ల తర్వాత. భక్తిలో గుడి క మీద ఉంటుంది, ఇ వినిపించేది త తర్వాత. పిల్లలు భకిత అని చదివితే అది మొద్దుతనం కాదు, కన్ను చెప్పినట్టు చదివారు. అందుకే అక్క, బుగ్గ, గడ్డ, అమ్మ, పువ్వు వంటి ఒకే అక్షరపు ద్విత్వాలతో మొదలుపెట్టి, అవి బాగా కుదిరాకే సంయుక్తాలకు వెళ్ళాలి.

చెవికి ఇంపుగా

పిల్లలు ఆడుకునే క భాష తెలుసుగా. నువ్వు రా అనడానికి కను కవ్వు కరా అంటారు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా ప్రతి అక్షరం ముందూ సరిగ్గా క చేరుస్తారు. అంటే మాటను అక్షరాలుగా విడగొట్టే శక్తి చదువు రాకముందే చెవిలో ఉంది. పుస్తకం ఆ శక్తిని ఆసరా చేసుకోవాలి.

మన పద్యాలు, పాటలు ఇందుకోసమే పుట్టాయా అన్నంత దగ్గరగా ఉన్నాయి. యతి పాదంలో మొదటి అక్షరాన్ని మళ్ళీ వినిపిస్తుంది. ప్రాస రెండో అక్షరాన్ని పట్టి చూపిస్తుంది. అంత్యప్రాస చివరి అక్షరాన్ని. మాట మొదట్లో, మధ్యలో, చివర ఉన్న ధ్వనిని చెవి విడిగా పట్టుకోవడం చదువుకు పునాది, ఆ మూడింటికీ మన ఛందస్సులో మూడు పనిముట్లున్నాయి. గ నేర్పే పేజీలో గాలి, గంప, గూడు యతిలా మొదట వినిపించాలి. ల నేర్పేటప్పుడు గాలి, పులి, చలి చివర వినిపించాలి. ఏ వాక్యం రాసినా పైకి చదివి చూసుకోవాలి. నాలుక తడబడితే మార్చాలి.

కథగా

అక్షరాల కోసం రాసిన పేజీలో అర్థం లేకపోతే పిల్లలు ఒక్కసారి చదివి పక్కన పెడతారు. అమెరికాలో పిల్లల వాచకాలు చప్పగా ఉన్నాయన్న విమర్శ 1950లలో గట్టిగా వచ్చింది. దానికి జవాబుగా డాక్టర్ స్యూస్ 1957లో ది క్యాట్ ఇన్ ద హ్యాట్ రాశాడు. అందులో వాడిన వేర్వేరు మాటలు 236. 1960లో వచ్చిన గ్రీన్ ఎగ్స్ అండ్ హ్యామ్‌కు 50 మాటలే సరిపోయాయి. కట్టుబాటు కథను చంపదని, పదును పెడుతుందని ఆ రెండు పుస్తకాలు రుజువు చేశాయి.

మనకు మాటల లెక్క కంటే అక్షరాల లెక్క ముఖ్యం. ఎవరో ఒకరికి ఏదో కావాలి, అది దొరకకూడదు, చివరకు దొరకాలి. తొలి పుస్తకానికి ఈ మాత్రం కథ చాలు. నీతి చెప్పాలన్న తొందర వద్దు. చదవగలిగానన్న సంతోషమే ఆ వయసుకు సరిపడా ఫలం.

చెప్పేది

బోధించేది కాదు. వ్యాకరణ పదాలు, ఉపాధ్యాయులకు సూచనలు పుస్తకం వెనక అట్ట లోపల ఉండొచ్చు. పిల్లల పేజీలో కథ తప్ప ఇంకేమీ ఉండకూడదు.

తొలి చదువు పుస్తకం

ఇది వాచకం కాదు, వాచకానికి తోడు. పెద్ద బాలశిక్ష తరతరాలకు అక్షరాలు నేర్పింది, కానీ అందులో అక్షరాలకూ వాక్యాలకూ మధ్య దూరం ఎక్కువ. ఇప్పుడు ప్రథమ్ బుక్స్, తూలిక, మంచి పుస్తకం వంటి సంస్థలు తెలుగులో అందమైన బొమ్మల కథలు వేస్తున్నాయి. అవి చాలావరకు పెద్దలు చదివి వినిపించడానికి, లేదా చదవడం వచ్చేసినవాళ్ళకు. అక్షరాలకూ ఆ కథలకూ నడుమ, పిల్లలు తామే చదువుకోదగ్గ చిన్న చిన్న పుస్తకాలు ఇంకా ఎన్నో రావాలి.

అచ్చు విషయంలోనూ కొన్ని పట్టింపులుండాలి. అక్షరం పెద్దదిగా ఉండాలి. ఒత్తు కింది పంక్తికి తగలకూడదు. పంక్తి చివర మాటను విరవకూడదు. పెళ్ళి, పెళ్లి రెండు రకాలుగానూ రాస్తాం, పుస్తకమంతా ఒకటే వాడాలి. అలంకారపు అక్షరాలు అట్టకే పరిమితం కావాలి, లోపలి పేజీల్లో బడిలో రాసే ఆకారమే ఉండాలి.

మూడో తరగతి నాటికి ప్రతి పిల్లా చదవగలగాలన్న లక్ష్యంతో కేంద్రం 2021లో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. తెలంగాణ 2022లో తొలిమెట్టు తెచ్చింది. లక్ష్యం ప్రకటించినంత మాత్రాన పిల్లలకు చదవడం రాదు, చదవడానికి పుస్తకాలు కావాలి. ఆ పుస్తకాలు రాయగలిగేది మనమే. కథలు రాసేవాళ్ళు, పాటలు కట్టేవాళ్ళు, ఒకటో తరగతి పాఠం చెప్పేవాళ్ళు కలిసి కూర్చోండి. పదకొండు అక్షరాలు తీసుకుని ఎనిమిది పేజీలు రాయండి. అచ్చుకు ఇచ్చే ముందు ఆ అక్షరాలు వచ్చిన పిల్ల చేతిలో పెట్టి పక్కన కూర్చోండి, ఒక్క మాట కూడా అందించకండి. ఎక్కడ ఆగిందో అక్కడ దిద్దాల్సింది పిల్లను కాదు, మీ వాక్యాన్ని.